బొటాబొటి మార్కులతో నవోదయ సీటు: మా పిల్లలు నెగ్గుకొస్తారా? తరచుగా అడిగే ప్రశ్నలు

నేను దేవరకొండ దగ్గర సర్కారు బడిలో ఆరో తరగతికి లెక్కలు చెప్తాను. నవోదయ, అంటే కేంద్ర ప్రభుత్వం నడిపే హాస్టల్ బడుల ఆరో తరగతి ప్రవేశ పరీక్ష ఫలితాలు వచ్చినప్పుడల్లా సంతోషంతో ఫోన్ చేసే తల్లిదండ్రుల కంటే భయంతో చేసేవాళ్లే ఎక్కువ. సీటైతే వచ్చింది గానీ పిల్లవాడు అందులో ఇమడగలడా అన్నదే వాళ్ల టెన్షన్. పాత నల్లగొండ, పాలమూరు జిల్లాల తల్లిదండ్రులు ఎక్కువగా అడిగే ప్రశ్నలు ఇవి.

మావాడు పాత పేపర్లు రాస్తే ఒకసారి బాగా వస్తాయి, ఒకసారి తగ్గుతాయి. ఎట్లాగో సీటొచ్చింది. అక్కడ నిలబడతాడా?

ఎక్కువ మంది నిలబడతారు. ఒక విద్యాలయంలో ఆరో తరగతికి ఉండేది గరిష్ఠంగా 80 సీట్లు. అవి నిండేచోట గీత పడుతుంది. ఆ గీత ఎక్కడ పడాలో ఆ ఏడాది ఎంతమంది రాశారు, ఎంత బాగా రాశారు అన్నదాన్ని బట్టి తేలుతుంది. ఆరో తరగతి పాఠం అర్థం కావాలంటే పిల్లవాడికి ఏం వచ్చి ఉండాలి అని ఆలోచించి ఎవరూ ఆ గీత గీయలేదు. పోటీ జిల్లావారీగా ఉంటుంది కాబట్టి ఒక జిల్లాలో సీటు తప్పిన మార్కుకే ఇంకో జిల్లాలో సీటు రావచ్చు. లోపలికి వెళ్లాక మాత్రం ఇద్దరూ చదివేది ఒకే సీబీఎస్‌ఈ పుస్తకం.

అందుకే "బొటాబొటిగా వచ్చాడు" అన్న ఒక్క సంగతి విని నేను ఏమీ చెప్పలేను. ఆ మార్కులు ఏ భాగంలో వచ్చాయో చెప్తే కొంత చెప్పగలను.

బొటాబొటి అంటే అసలు ఎంత తేడా?

పేపర్‌లో 80 ప్రశ్నలు, 100 మార్కులు. అంటే ప్రశ్నకు 1.25. తప్పు రాస్తే మార్కు కోత లేదు. నాలుగు ఆప్షన్లలో ఒకటి దిద్దాలి. పిల్లవాడికి 20 ప్రశ్నలు అస్సలు తెలియక, గుడ్డిగా దిద్దాడనుకోండి. సగటున ఐదు కలుస్తాయి, అంటే 6.25 మార్కులు. అదృష్టం బాగుంటే ఏడెనిమిది కలుస్తాయి, లేకపోతే రెండో మూడో. ఈ ఊగులాటకే ఆరేడు మార్కులు అటూ ఇటూ అవుతాయి. గీతకు కాస్త పైన ఉన్నవాడిని, కాస్త కింద ఉన్నవాడిని వారం తర్వాత ఇంకో పేపర్‌తో కూర్చోబెడితే తారుమారయ్యే అవకాశం బాగానే ఉంది. ఇద్దరిలో ఒకరిని తెలివైనవాడనీ ఇంకొకరిని మొద్దనీ అనడానికి ఆ పేపర్‌లో ఆధారం లేదు.

ఏ భాగంలో మార్కులు వచ్చాయో చూడమంటున్నారు. ఎందుకు?

100 మార్కుల్లో 50 మానసిక సామర్థ్యానివి. అవి 40 ప్రశ్నలు, అన్నీ బొమ్మలే. అద్దంలో బొమ్మ, మడతపెట్టి చిల్లు పొడిచిన కాగితం, పెద్ద బొమ్మలో దాగిన చిన్న బొమ్మ, నాలుగింటిలో తేడాగా ఉన్నది ఇట్లాంటివి. లెక్కలకు 20 ప్రశ్నలు, 25 మార్కులు. భాషకు ఇంకో 20 ప్రశ్నలు, 25 మార్కులు. భాష అంటే పేరాలు చదివి జవాబులు గుర్తించడం.

ఇప్పుడు ఇద్దరు పిల్లలను తీసుకుందాం. ఒకరికి బొమ్మల్లో 45, లెక్కల్లో 15, భాషలో 12.5. ఇంకొకరికి బొమ్మల్లో 30, లెక్కల్లో 21.25, భాషలో 21.25. మొత్తం ఇద్దరికీ 72.5. నా దృష్టిలో రెండో పిల్ల గురించి అంత దిగులు అక్కర్లేదు. ఆరో తరగతిలో అద్దం బొమ్మల పీరియడ్ ఉండదు. సైన్సూ సోషలూ చదవాలి, లెక్కల్లో ప్రశ్న ఏమడుగుతోందో అర్థం చేసుకోవాలి. చదివి అర్థం చేసుకునే పిల్ల కొత్త పాఠాన్ని తనంతట తాను సగం లాక్కొస్తుంది. మొదటి పిల్లవాడికి బుర్ర చురుకే, సందేహం లేదు. కానీ పేరా చదివి సారం పట్టలేకపోతే మొదటి ఏడాది ప్రతి సబ్జెక్టులోనూ అదే అడ్డం వస్తుంది.

అసలు పరీక్షలో ఏ భాగానికి ఎన్ని వచ్చాయో తెలియకపోయినా ఇబ్బంది లేదు. రెండు మూడు పాత పేపర్లు గడియారం పెట్టి ఇంట్లో రాయించండి. బొమ్మలకు గంట, లెక్కలకు అరగంట, భాషకు అరగంట. భాగాలవారీగా లెక్క రాసుకోండి.

కోచింగ్‌కు పంపాకే ఈ మార్కులు వచ్చాయి. అవి నిజమైన మార్కులేనా?

బొమ్మల భాగం సాధనతో బాగా పెరుగుతుంది. ఉన్నవి పది రకాలు, రకానికి నాలుగు ప్రశ్నలు. వందల బొమ్మలు చేయిస్తే ఏ పిల్లవాడికైనా చెయ్యి తిరుగుతుంది. చదివే శక్తి అంత త్వరగా పెరగదు. కాబట్టి ఏడాది పొడవునా కోచింగ్ తీసుకుని, ఊరు వదిలి కోచింగ్ హాస్టల్‌లో ఉండి మరీ గీత దగ్గర ఆగినవాడికీ, తండాలో సింగిల్ టీచర్ బడిలో చదివి, సారు తెచ్చిచ్చిన నాలుగు పాత పేపర్లు చేసి గీత దగ్గరికి వచ్చినవాడికీ మార్కు ఒక్కటే అయినా మనుషులు ఒక్కటి కారు. రెండోవాడికి ఎదగడానికి ఇంకా చాలా చోటుంది. మొదటివాడు పనికిరాడని కాదు. అతని మార్కులో శిక్షణ వాటా ఎంతో తల్లిదండ్రులు తమకు తాము నిజాయితీగా చెప్పుకోవాలి, అంతే.

నాలుగో తరగతి నుంచే పిల్లలను గదుల్లో కుక్కి పొద్దుగాల ఐదింటికి లేపి బొమ్మలు దిద్దించే కోచింగ్‌ల మీద నాకు మంచి అభిప్రాయం లేదు. పదేళ్ల పిల్లలు ఆడుకోవాలి.

మరి ఇంట్లో ఏం చూసి అంచనా వేయాలి?

మొదట చదువు. ఐదో తరగతి పరిసరాల విజ్ఞానంలో ఇంకా చెప్పని పాఠం ఒకటి తీసి, రెండు పేజీలు పైకి చదవమనండి. అక్షరం అక్షరం కూడబలుక్కుంటే అది ఒక సంగతి. గడగడా చదివేసి, పుస్తకం మూసి "ఏముంది అందులో?" అంటే నోరు మెదపకపోతే అది ఇంకా పెద్ద సంగతి. తన మాటల్లో, తప్పో ఒప్పో, నాలుగు వాక్యాలు చెప్పగలిగితే చాలు.

తర్వాత లెక్క. 37 మంది పిల్లలను జాతరకు తీసుకెళ్లాలి, ఒక ఆటోలో ఐదుగురు పడతారు, ఎన్ని ఆటోలు కావాలి? "7, శేషం 2" అని రాసి పలక పక్కన పెట్టేవాడికి భాగహారం వచ్చింది గానీ లెక్క రాలేదు. మిగిలిన ఇద్దరినీ ఎట్లా తీసుకుపోతావురా అని అడిగితే "ఓ, ఎనిమిది కావాలి" అని నవ్వేవాడు బాగుపడతాడు. ఒక్క మాట అందిస్తే సర్దుకునే పిల్లలకు టీచర్ దొరికితే చాలు. అట్లాగే బస్సు దేవరకొండలో 6:40కి బయలుదేరి హైదరాబాద్‌కు 9:15కి చేరితే ఎంతసేపు పట్టినట్టు అని అడగండి. రెండో వంతు పెద్దదా, మూడో వంతు పెద్దదా అని కూడా. మూడు పెద్ద అంకె కాబట్టి మూడో వంతే పెద్దది అనే పిల్లలు ఎంత మందో మీకు ఆశ్చర్యంగా ఉంటుంది. అది ఒక సాయంత్రం రొట్టె తుంచి చూపిస్తే పోయే తప్పు. దాన్ని చూసి భయపడకండి.

మూడోది, నా లెక్కలో అన్నిటికంటే పెద్దది, అడిగే అలవాటు. అర్థం కానప్పుడు "తెలియలేదు సార్" అంటాడా, తల దించుకుని పక్కవాడి నోట్‌బుక్ చూస్తాడా? ఇది ఇంట్లో తెలియదు, ఐదో తరగతి టీచర్‌ను అడగండి. మార్కులు తక్కువైనా అడిగే పిల్లవాడిని ఏ టీచరైనా పైకి తెస్తాడు. మార్కులు బాగున్నా మూగగా కూర్చునేవాడు 40 మందిలో ఎవరి కంటా పడకుండా వెనకబడిపోతాడు.

ఇక తన పని తాను చేసుకోవడం. తానే స్నానం చేసి, బట్టలు ఉతుక్కుని, కంచం కడుక్కుని, పెట్టెకు తాళం వేసి, ఆ తాళంచెవి పోగొట్టుకోకుండా ఉండగలడా? నవ్వకండి. నవోదయలో తెల్లవారుజామునే లేచి గ్రౌండ్‌కు వెళ్లాలి, సాయంత్రం మళ్లీ క్లాస్‌రూమ్‌లో కూర్చుని చదవాలి. పక్కబట్టలు సర్దుకోవడానికి అరగంట పట్టేవాడు టిఫిన్ వదిలేస్తాడు, టిఫిన్ తిననివాడు రెండో పీరియడ్‌లో నిద్రపోతాడు. ఇంట్లోవాళ్లు మాత్రం "చదువు అందట్లేదు" అనుకుంటారు. సీటొచ్చినప్పటి నుంచి చేరే రోజు దాకా ఉండే సెలవులు దీనికే వాడండి.

తెలుగు మీడియంలో చదివాడు. అక్కడ ఇంగ్లీషు, హిందీ తట్టుకోగలడా?

మొదటి ఏడాది కష్టం ఇక్కడే ఉంటుంది, దాచిపెట్టడం ఎందుకు. ప్రవేశ పరీక్ష తెలుగులో రాయవచ్చు కాబట్టి పిల్లవాడు తెలుగులో గెలిచి లోపలికి వెళ్తాడు, తర్వాత లెక్కలు, సైన్సు ఇంగ్లీషుకు మారతాయి. హిందీ కూడా గట్టిగానే ఉంటుంది.

2022-23 నుంచి సర్కారు బడుల్లో కూడా ఇంగ్లీషు మీడియం వచ్చింది. పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు. దాన్ని మనవాళ్లు సరిగా వాడుకోవడం లేదు. రోజూ ఒక లెక్కల పేజీని ముందు తెలుగులో చదివి, వెంటనే ఎదురు పేజీ చదివిస్తే, "సమ్", "డిఫరెన్స్", "రిమైండర్", "ఫ్యాక్టర్", "మల్టిపుల్" వంటి మాటలు వేసవి అయ్యేలోపు అలవాటవుతాయి. ఆరో తరగతి లెక్కలకు కావలసిన ఇంగ్లీషు మాటలు మహా అయితే రెండు వందలు ఉంటాయేమో. సైన్సుకు ఎక్కువ కావాలి, కానీ అవి క్లాసులో వస్తాయి.

తెలుగులో బాగా చదివే పిల్లలు ఒక ఏడాదిలో ఇంగ్లీషులోకి సర్దుకోవడం చాలాసార్లు చూశాను. రెండు భాషల్లోనూ కూడబలుక్కునేవాళ్లకే ఎక్కువ సమయం పడుతుంది. అందుకే వేసవిలో స్పోకెన్ ఇంగ్లీషుకు డబ్బు కట్టే ముందు, రోజూ గంటసేపు తెలుగు కథల పుస్తకం చదివించండి అంటాను. ఈ మాట వింటే చాలామంది నన్ను వింతగా చూస్తారు.

హిందీకి ముందే అక్షరాలు నేర్పించి పంపండి, చాలు. మహబూబ్‌నగర్, నల్లగొండ టౌన్లలో పెరిగిన పిల్లలకు చెవికి కాస్త అలవాటు ఉంటుంది. పల్లె పిల్లలకు అదీ ఉండదు.

మా ఇంట్లో లంబాడీ మాట్లాడతాం. భాషలో మార్కులు అందుకే తగ్గాయా?

చాలావరకు అందుకే. దేవరకొండ, అచ్చంపేట వైపు తండా పిల్లలకు తెలుగే రెండో భాష. ఇంగ్లీషు మూడోది, హిందీ నాలుగోది. తెలుగు పేరాలో వాళ్లకు తగ్గే మార్కు తెలివిని కొలిచిన మార్కు కాదు. బొమ్మల భాగం చూడండి, అక్కడ భాష అక్కర్లేదు. బొమ్మల్లో, లెక్కల్లో బాగా వచ్చి ఒక్క భాషలోనే తగ్గితే నేను ధైర్యంగా పంపమంటాను. పైన 45, 15, 12.5 వచ్చిన పిల్లవాడి గురించి చెప్పిన దిగులు ఇట్లాంటి పిల్లలకు వర్తించదు. ఇంకో మాట, ఇప్పటికే ఒక కొత్త భాష బడిలో నేర్చుకున్న పిల్లలకు మరో భాష నేర్చుకోవడం మనం అనుకున్నంత భయంగా ఉండదు. నవోదయలో హిందీని పట్టుకోవడంలో తండా పిల్లలు చాలాసార్లు ముందుంటారు.

రిజర్వేషన్‌లో వచ్చింది. "కోటా సీటు, నెగ్గలేడు" అని బంధువులే అంటున్నారు.

నవోదయలో సీట్లన్నీ ఏదో ఒక లెక్కలో పంచినవే. కనీసం 75 శాతం గ్రామీణ పిల్లలకు. మూడో వంతు అమ్మాయిలకు. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, దివ్యాంగులకు వేరే వాటాలు. టౌన్ పిల్లవాడి కంటే తక్కువ మార్కుతో ఊరి పటేల్ మనవడికి గ్రామీణ కోటాలో సీటొస్తే దాన్ని ఎవరూ కోటా అనరు. దళిత పిల్లవాడికి వస్తేనే అంటారు. ఆ బంధువులకు ఈ సంగతి చెప్పండి. పిల్లవాడి ముందు మాత్రం ఈ చర్చే పెట్టకండి. నెగ్గుతాడా లేదా అన్నది పైన చెప్పిన చదువు, లెక్క, అడిగే అలవాటు బట్టి చూడండి. అవి ఏ కులం పిల్లలకైనా ఒక్కటే.

ఇక్కడ క్లాస్ ఫస్ట్. అక్కడ ముప్పయ్యో స్థానంలో ఉంటే మనసు విరిగిపోదా?

విరుగుతుంది, కొన్నాళ్లు. 80 మందీ తమ తమ బడుల్లో ఫస్టో సెకండో వచ్చినవాళ్లే. అందరూ ఫస్ట్ రాలేరు కదా. మొదటి యూనిట్ టెస్ట్ పేపర్ చేతికొచ్చిన రోజు చాలామంది పిల్లలకు జీవితంలో మొదటిసారి "నేను మామూలువాడినే" అని తెలుస్తుంది. గీత దగ్గర వచ్చిన పిల్లలు దీన్ని కొంచెం మెరుగ్గానే తట్టుకుంటారని నాకు అనిపిస్తుంది. వాళ్లు ముందే పెద్దగా ఊహించుకుని పోరు. మండల టాపర్ అని ఫ్లెక్సీ కట్టించుకుని వెళ్లినవాళ్లే ఎక్కువ కుదేలవుతారు. దయచేసి ఫ్లెక్సీలు కట్టకండి.

ఫోన్‌లో మాట్లాడినప్పుడు ఎన్నో ర్యాంకు అని అడగొద్దు. ఏ పాఠం బాగుంది, ఏది అర్థం కాలేదు, ఎవరిని అడిగావు అని అడగండి. మొదటి టెస్ట్‌లో వచ్చిన మార్కునూ డిసెంబర్‌లో వచ్చిన మార్కునూ పక్కపక్కన పెట్టి చూడండి, పక్క పిల్లవాడి మార్కు పక్కన కాదు.

వెనకబడితే పంపించేస్తారా?

ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఏ పిల్లవాడినీ బడి నుంచి వెళ్లగొట్టకూడదని విద్యాహక్కు చట్టం చెప్తుంది. అయితే 2024 డిసెంబర్‌లో కేంద్రం నిబంధనలు మార్చింది. కేంద్ర ప్రభుత్వ బడుల్లో ఐదు, ఎనిమిది తరగతుల్లో ఫెయిలైతే రెండు నెలల్లోపు మళ్లీ పరీక్ష పెడతారు, అందులోనూ తప్పితే అదే తరగతిలో ఉంచవచ్చు. నవోదయకూ ఇది వర్తిస్తుంది. అంటే ఆరులో, ఏడులో సర్దుకోవడానికి సమయం ఉంది. ఎనిమిదిలో అడుగు పెట్టేసరికి లెక్కలు, సైన్సు పట్టాలెక్కి ఉండాలి. ఆరో తరగతి మొదటి ఆరు నెలల మార్కులు చూసి కంగారు పడాల్సిన పని లేదు. ఏడో తరగతి చివరికి కూడా అవే మార్కులుంటే మాత్రం వెళ్లి టీచర్లతో కూర్చోవాలి.

ఏడుస్తున్నాడు, తీసుకుపొమ్మంటున్నాడు. చదువు అందకనా?

మొదటి రెండు మూడు నెలలు ఏడిచేది ఎక్కువగా ఇంటి మీద బెంగతో. బాగా చదివేవాళ్లూ ఏడుస్తారు. చలకుర్తి నవోదయకైనా వట్టెం నవోదయకైనా తల్లిదండ్రులు పిల్లలను కలిసే రోజున వెళ్లి చూడండి, గేటు దగ్గర టిఫిన్ డబ్బాలు విప్పుకుని సగం మంది తల్లులూ పిల్లలూ ఏడుస్తూనే తింటుంటారు. అసలు పరీక్ష దసరా సెలవులప్పుడు వస్తుంది. బతుకమ్మకు ఇంటికొచ్చి, పండగ చేసుకుని, తిరిగి పోవాల్సిన రోజు జ్వరం, కడుపునొప్పి అంటారు. ఆ ఒక్కసారి గట్టిగా, ప్రేమగా పంపగలిగితే సంక్రాంతి నాటికి సర్దుకుంటారు. "పోనీలే, వారం తర్వాత పోదువులే" అని నాయనమ్మ అడ్డం పడితే ఆ వారం పాఠాలు పోతాయి, బెంగ రెట్టింపవుతుంది. ముందే నాయనమ్మను ఒప్పించుకోండి, పిల్లవాడిని ఒప్పించడం దాని తర్వాత సులువు.

పాలమూరు వైపు వలస వెళ్లే కుటుంబాల సంగతి వేరు. అమ్మానాన్నలు పుణె, ముంబయి పనులకు పోతే పిల్లలు ముందే తాత దగ్గర ఉండి ఉంటారు. వాళ్లకు హాస్టల్ కొత్త కష్టం కాదు. కాకపోతే కలిసే రోజున ఎవరూ రాకపోవడం వాళ్లకు చాలా బాధ. మేనమామో, బాబాయో ఎవరో ఒకరు తప్పక వెళ్లేలా చూడండి.

పిల్లలను అరావళి, నీలగిరి, శివాలిక్, ఉదయగిరి అని హౌస్‌లుగా విడదీస్తారు, హౌస్‌కు ఒక మాస్టర్ ఉంటారు. పిల్లవాడి గురించి ప్రిన్సిపాల్ కంటే ఆయనకే ఎక్కువ తెలుస్తుంది. చేర్పించిన రోజే వెళ్లి మాట్లాడి, మావాడు ఇంగ్లీషులో కాస్త నిదానం, కొంచెం చూడండి సార్ అని చెప్పండి. చెప్తే చులకన అవుతామేమో అని మనవాళ్లు చెప్పరు. చెప్పనందువల్లే నష్టం జరుగుతుంది.

తొమ్మిదిలో వేరే రాష్ట్రానికి పంపుతారట కదా?

తొమ్మిదో తరగతిలో 30 శాతం వరకు పిల్లలను ఏడాది పాటు హిందీ ప్రాంతపు విద్యాలయానికి పంపి, అక్కడివాళ్లను ఇక్కడికి తెస్తారు. అందరూ పోరు. అది ఇంకా మూడేళ్ల తర్వాతి మాట, దానికోసం ఇప్పుడే సీటు వదులుకోవద్దు. పోయి వచ్చిన పిల్లల హిందీ మాత్రం బ్రహ్మాండంగా ఉంటుంది.

అమ్మాయిని అంత దూరం పంపాలా అని ఇంట్లో గొడవ.

అమ్మాయిలకు వేరే హాస్టల్, మ్యాట్రన్ ఉంటారు. చదువు విషయంలో బొటాబొటిగా వచ్చిన అమ్మాయిల గురించి నాకు దిగులు తక్కువ, ఇంటి పని లేకుండా సాయంత్రం రెండు గంటలు చదువుకునే వీలు చాలామందికి మొదటిసారి అక్కడే దొరుకుతుంది. నెలసరి గురించి మాత్రం తల్లి ముందే విడమరిచి చెప్పి, కావలసినవి పెట్టెలో పెట్టి పంపాలి. పదకొండేళ్లకే మొదలయ్యే పిల్లలు ఉన్నారు.

ఖర్చు?

తిండి, బస, పుస్తకాలు, యూనిఫాం ఉచితం. తొమ్మిదో తరగతి నుంచి విద్యాలయ వికాస్ నిధి కింద నెలకు 600 రూపాయలు. ఎస్సీ, ఎస్టీ పిల్లలకు, అమ్మాయిలందరికీ, దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవాళ్లకు అదీ లేదు.

సీటు రాలేదు. ఇంకో ఏడాది ఐదులోనే ఉంచి మళ్లీ రాయించవచ్చా?

కుదరదు. ఆరో తరగతి ప్రవేశ పరీక్ష ఒక్కసారే రాయనిస్తారు. వేరే బడిలో మళ్లీ ఐదులో చేర్పించి రాయించమని చెప్పేవాళ్లుంటారు, ఆ తప్పుడు దారిలో పోకండి. సర్టిఫికెట్ల పరిశీలనలో బయటపడితే వచ్చిన సీటూ పోతుంది.

సెలెక్టయినవాళ్లలో కొందరు చేరకపోతే తర్వాతి జాబితా వస్తుంది. దానికోసం ఫోన్ నంబర్ మార్చకుండా ఉండండి, సర్టిఫికెట్లు సిద్ధంగా పెట్టుకోండి, కానీ పిల్లవాడిని ఈలోపు ఏదో ఒక బడిలో చేర్పించి చదివించండి. అట్లా ఆలస్యంగా చేరినవాడు మొదటి పాఠాలు పోగొట్టుకుని ఉంటాడు. ఆ వెనకబాటును తెలివి తక్కువతనంగా లెక్కగట్టొద్దు.

ఖాళీలుంటే తొమ్మిదిలో కూడా పరీక్ష ఉంటుంది. అది వేరే రకం పేపర్. లెక్కలు 35, సైన్సు 35, ఇంగ్లీషు 15, హిందీ 15. బొమ్మలు లేవు. నిదానంగా పుంజుకునే పిల్లలకు ఇది మంచి అవకాశం, మనవైపు చాలామందికి దీని గురించి తెలియనే తెలియదు.

మా ఊరు ఏ నవోదయ కిందికి వస్తుంది?

పాత నల్లగొండకు పెద్దవూర మండలం చలకుర్తిలో, పాత మహబూబ్‌నగర్‌కు బిజినేపల్లి మండలం వట్టెంలో విద్యాలయాలు ఉన్నాయి. 2024 డిసెంబర్‌లో కేంద్రం తెలంగాణకు కొత్తగా మంజూరు చేసిన ఏడింటిలో మహబూబ్‌నగర్, సూర్యాపేట ఉన్నాయి. కాబట్టి మీ మండలం దేని కిందికి వస్తుందో ఆ ఏడాది నోటిఫికేషన్‌లోనే చూసుకోండి, పక్కింటివాళ్లు చెప్పింది నమ్మొద్దు.

ఇప్పటికే గురుకులంలో ఐదు చదువుతోంది. నవోదయకు మార్చాలా?

ఇది నిజంగా కష్టమైన ప్రశ్న. గురుకులంలో ఒక ఏడాది గడిపిన పిల్లకు హాస్టల్ బెంగ తీరిపోయి ఉంటుంది. ఆ పిల్ల నవోదయలో త్వరగా కుదురుకుంటుంది. అయితే అక్కడ స్నేహితులు కుదిరి, టీచర్లు పట్టించుకుంటూ, చదువు బాగా సాగుతుంటే, ఒక్క పేరు కోసం మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టించడం ఎందుకు అని నేను అడుగుతాను. గురుకులం తక్కువదేమీ కాదు. 1971లో పీవీ నరసింహారావు హయాంలో సర్వేల్‌లో మొదలైన గురుకులం నవోదయల కంటే ఎంతో ముందుది, అది మన పాత నల్లగొండ జిల్లాలోనిదే. పిల్లను అడగండి. పదేళ్ల పిల్లకు ఏం తెలుసు అనకండి, ఎక్కడ బాగుందో దానికే తెలుస్తుంది.

హాస్టల్ వద్దనుకునేవాళ్లకు మోడల్ స్కూల్ ఉంది, ఆరో తరగతికి పరీక్ష రాయాలి, పొద్దున పోయి సాయంత్రం ఇంటికి రావచ్చు. ఇంట్లో చదువుకునే వాతావరణం ఉన్న బొటాబొటి పిల్లలకు చాలాసార్లు అదే సరిగ్గా సరిపోతుంది. అమ్మాయిలకు కస్తూర్బా విద్యాలయాలున్నాయి. బడి మానేసిన, అనాథలైన, పేద ఇళ్ల అమ్మాయిల కోసం పెట్టినవి అవి.

ఎప్పుడు వెనక్కి తీసుకురావాలి?

మార్కులు తక్కువని తీసుకురాకండి. బరువు తగ్గిపోతుంటే, నిద్ర పట్టకపోతే, లేదా ఇంతకు ముందు లేని పక్క తడిపే అలవాటు మొదలైతే, సెలవులకు వచ్చినా ఎవరితోనూ మాట్లాడకపోతే, ఒంటి మీద దెబ్బలు కనిపిస్తే, పెద్ద పిల్లల పేరెత్తితే ముఖం మారిపోతే ఆగకండి. ముందు హౌస్ మాస్టర్‌తో, తర్వాత ప్రిన్సిపాల్‌తో మాట్లాడండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఉంది. డాక్టర్‌కు చూపించండి. మూడు నాలుగు వారాల్లో మార్పు లేకపోతే తీసుకొచ్చేయండి. "సీటు వదులుకుంటే జనం ఏమనుకుంటారు" అన్నది పెద్దల బాధ.

తెచ్చే ముందు ఒక పని చేయండి. ఊళ్లో లేదా మండలంలో ఏ బడిలో చేర్పిస్తారో ముందే మాట్లాడి పెట్టుకుని, ఆ తర్వాతే టీసీ అడగండి. టీసీ తీసుకున్నాక ఆ సీటు తిరిగి దొరుకుతుందని అనుకోవద్దు. మధ్యలో నెలల తరబడి ఇంట్లో కూర్చుంటే ఆ పిల్లవాడిని మళ్లీ బడికి రప్పించడం మాలాంటివాళ్లకు చాలా కష్టమవుతుంది.